చెట్టును వెంటబెట్టుకెళ్ళిన వనభోజనం

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బ్యారేజీ పార్కు గేటు దగ్గర నేను గడగడా మాట్లాడిన సంగతి ఢిల్లీ మయూర్ విహార్‌లో మా తెలుగువాళ్ళంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి అందులో మొదటి వాక్యం నేను వేరే పని కోసం మధ్యాహ్నమంతా బట్టీ పట్టింది.

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చివరి ఏడాదిలో, కొత్తవాళ్ళతో ఏం మాట్లాడాలన్నా నాకు ముందు రిహార్సల్ కావాలి. ఆటో అతనికి చెప్పాల్సిన అడ్రసు కూడా మెట్లు దిగుతూ లోపల అనుకునేదాన్ని. (అతను "క్యా?" అంటే చాలు, మెట్రోకి నడిచిపోయేదాన్ని.) పుస్తకాలతో, డైరీతో మాత్రం నాకు ఏ ఇబ్బందీ లేదు. అవి తిరిగి ప్రశ్నలు వెయ్యవు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం మా సొసైటీ తెలుగు కుటుంబాలన్నీ యమున మీద బ్యారేజీ పక్కనున్న పార్కుకి వనభోజనాలకి వెళ్ళేవి. వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి. ఆ పార్కులో పచ్చిక ఉంది, పూల మడులున్నాయి, సిమెంటు బాతులున్నాయి. ఉసిరి చెట్టు మాత్రం లేదు. అందుకని కమాండర్ ఆంటీ చెట్టునే వెంట తెచ్చేవారు. (ఆంటీకి సైన్యంతో ఏ సంబంధమూ లేదు. అంకుల్ సెక్షన్ ఆఫీసరు. ఆ బిరుదు ఆయనిచ్చిందే.) పెయింటు బకెట్లో పెంచిన ఆ మొక్క మోకాలి ఎత్తు దాటదు. అంతకుముందు పెంచినవి ఢిల్లీ చలికి పోతే, దీన్ని ఆంటీ, అంకుల్ మెడలోని మఫ్లరు తీసి చుట్టి బతికించారు. ఆ చలికాలమంతా అంకుల్ దగ్గుతూనే ఉన్నారు. "మీకు మందులున్నాయి. దానికేమున్నాయి?" అనేవారు ఆంటీ. నన్ను "ఏమ్మా, మాట్లాడవేం?" అని అడగని ఆంటీ ఆవిడొక్కరే కనక, ఆ మొక్కంటే నాకూ అభిమానమే.

ఆ ఏడాది భోజనాలవగానే నేను కట్ట మీదికి జారుకున్నాను. అప్పటిదాకా నాకు నీళ్ళంటే పొద్దున్నే "మోటార్ ఆపావా?" అని అమ్మ వేసే కేక. ఇక్కడ ఒక నది నదంతా తలుపుల ముందుకొచ్చి, తీసేదాకా ఓపిగ్గా నిలబడి ఉంది. తుప్పు మరకల ఇనప గేట్లు వరసగా, ఆ చివర మంచులో కలిసిపోయేదాకా ఉన్నాయి. వాటి పైన నా కంటే ఎత్తయిన పళ్ళచక్రాలు, గ్రీజు పూసిన లావుపాటి తీగలు. ఇవతల నీళ్ళ మీద చలికాలం గడపడానికి ఎక్కణ్ణుంచో వచ్చిన తెల్లపిట్టలు తేలుతున్నాయి. ఢిల్లీ దాహమంతా అక్కడ చప్పుడు చెయ్యకుండా ఆగి ఉందంటే నాకు ఒళ్ళు పులకరించింది. (నేనూ అలా ఆపుతూనే ఉంటాను, మాటల్ని. కాకపోతే నా పక్కన ఎవరూ పార్కు కట్టలేదు.)

ఈ గేట్లు ఎప్పుడెత్తుతారో అడగాలనిపించింది. కట్ట మీద పెద్ద మీసాల కాపలాదారు పచార్లు చేస్తున్నాడు. "భయ్యా, ఒక్క నిమిషం, కొంచెం నా మాట వినండి" అని హిందీలో ఒక వాక్యం తయారుచేసుకున్నాను. ఆయన ఇటు వచ్చినప్పుడల్లా నీళ్ళలోకి చూశాను. అటు వెళ్ళగానే మళ్ళీ సాధన చేశాను. అలాగే సాయంత్రమైంది, అమ్మ పిలిచింది.

పొద్దున మొక్క లోపలికి రావడం చూసిన కాపలాదారు డ్యూటీ దిగిపోయాడు. పార్కు గేటు దగ్గర ఇప్పుడు మన మీసాలాయనే ఉన్నాడు.

"పార్కు మొక్క బయటికి పోదు," అన్నాడు బకెట్‌కి కర్ర అడ్డం పెట్టి.

"పార్కుది కాదు భయ్యా, మాది. పొద్దున మేమే తెచ్చాం," అన్నారు ఆంటీ.

"పార్కుకి మొక్క తెచ్చారా?"

"మరి దీని కిందే కదా భోంచేసింది."

ఆయన మొక్కను చూశాడు. తర్వాత మా గుంపును చూశాడు.

మా గుంపులో అందరికంటే పెద్ద ఆఫీసరు, జాయింట్ సెక్రటరీ అంకుల్, గుర్తింపు కార్డు తీశారు. "సాబ్, మొక్కలు ఎక్కువ పట్టుకుపోయేది పెద్ద సాబ్‌లే," అన్నాడు మీసాలాయన చాలా వినయంగా. ఆ తర్వాత అందరూ ఒక్కసారే అందుకున్నారు. ఎవరు ఏ భవన్‌లో పనిచేస్తారో, ఎవరికి ఎవరు తెలుసో అన్నీ చెప్పారు. ఉసిరి సంగతి ఒక్కరూ చెప్పలేదు. "నర్సరీలో పెడతాను. ఎవరిదో తోటమాలి చూసి చెప్తాడు," అంటూ ఆయన బకెట్ ఎత్తాడు. ఆంటీ మఫ్లరు మొక్క చుట్టూ సరిగ్గా చుట్టి చెయ్యి తీసేశారు. కమాండర్ ఆంటీ మాట లేకుండా నిలబడటం నేను చూసింది అప్పుడే.

"భయ్యా, ఒక్క నిమిషం, కొంచెం నా మాట వినండి."

అన్నది నేనే. వాక్యం సిద్ధంగా ఉంది కనక దానంతటదే వచ్చేసింది. ఒక గేటు ఎత్తాక వెనకున్నది ఆగదు కదా. కార్తీకం, ఉసిరి నీడ, ఈ పార్కులో ఆ చెట్టు లేకపోవడం, అంకుల్ దగ్గు, అన్నీ చెప్పేశాను. మా అమ్మ నన్ను ఎవరో పక్కింటి పిల్లను చూసినట్టు చూసింది.

"అచ్ఛా. ఇంత మొక్క కింద ఇంతమంది ఎలా కూర్చున్నారు?" అన్నాడు మీసాలాయన.

"చూపిస్తాం," అన్నాను. "అంకుల్, మీరు ఇటు రండి. ఆంటీ, మిగిలిన విస్తళ్ళు."

వనభోజనాల్లో ఎప్పుడూ కూర్చునే వరసలోనే, ఎవరూ ఎదురు చెప్పకుండా, అందరూ బకెట్ చుట్టూ ఆ సిమెంటు నేల మీద కూర్చున్నారు. ప్రతివాళ్ళూ విస్తరి అంచు మొక్క వైపుకి జరిపారు. జాయింట్ సెక్రటరీ అంకుల్ అయితే, పైన కొమ్మ తగులుతుందేమో అన్నట్టు, అలవాటుగా తల వంచి మరీ కూర్చున్నారు. మీసాలాయన ఆ వంచిన తలను చాలాసేపు చూశాడు. "తీసుకెళ్ళండి. ఇది ఎవరూ కల్పించి చెప్పలేరు," అన్నాడు.

ఆ ఉసిరి ఇప్పుడు పెద్ద డ్రమ్ములోకి మారింది. దాన్ని పార్కుకి తేవాలంటే టెంపో కావాలి, ఆంటీ తెస్తున్నారు కూడా. నేను ఉద్యోగంలో చేరాను. మీటింగుల్లో ఇప్పటికీ అదే వాక్యంతో మొదలుపెడతాను, 'భయ్యా' తీసేసి. అప్పటి నేను, ఆ పిల్ల, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ సాయంత్రం అన్ని మాటలు మాట్లాడి కూడా, అడగాలనుకున్న ఆ ఒక్కటీ అడక్కుండానే గేటు బయటికి నడిచింది. మీసాలాయనే వెనక నుంచి పిలిచాడు.

"దీదీ, మధ్యాహ్నమంతా రెయిలింగ్ పట్టుకుని నిలబడింది నువ్వే కదా? గేట్లు ఎత్తేది వానాకాలంలో. అప్పుడు రా, చూపిస్తాను. చెట్టు అక్కర్లేదు."