బందరు టీచరు గారి ‘బై’

మా ఇంగ్లీషు టీచరు గారు పోయారని మొన్న ఆదివారం బందరు నుంచి వాళ్ళ చెల్లెలు గారు ఫోను చేశారు. వెళ్ళి చూసి వచ్చాను. మర్నాడు సెలవు పెట్టకుండా గుడివాడలో మా స్కూలుకి వెళ్ళి పాఠం చెప్పాను. సెలవు పెట్టి ఉంటే ఆవిడకి నచ్చేది కాదు. ఈరోజు నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆవిడ చలవే. ఆ సంగతి ఎవరికి చెప్పుకున్నా నాకు గర్వంగానే ఉంటుంది.

ఎందుకంటే నేను పదో తరగతి తప్పినదాన్ని. అదీ ఇంగ్లీషులోనే! మాది దివిసీమలో, అవనిగడ్డకి అవతల చిన్న ఊరు. తొంభైల్లో మా బళ్ళో ఇంగ్లీషంటే గైడే. ఖాళీలు పూరించే ప్రశ్న వస్తుందని తెలుసు కాబట్టి, జవాబుల్ని వరసగా బట్టీ పట్టేవాళ్ళం. బై, ఎట్, విత్, ఆన్, మళ్ళీ బై. ప్రశ్న చదవడమెందుకు, టైము దండగ! పబ్లిక్ పరీక్షలో ఆ ఖాళీల వరస మారిపోయింది. మేం మాత్రం మా వరస మార్చలేదు. పదకొండుమందిమి తప్పాం.

మా నాన్న కౌలు రైతు. కోపం ముక్కు మీదే ఉండేది. “సెప్టెంబరులో ఇంకోసారి రాయి. అదీ పోయిందా, ఇంక చదువు మాట ఎత్తమాక. మీ అమ్మతో ఊడుపులకి పోదువుగాని” అన్నాడు. ఆయన మాటంటే మాటే. నాకేమో కాలేజీకి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ జూన్‌లోనే టీచరు గారు బదిలీ మీద మా బడికి వచ్చారు. రోజూ బందరు నుంచి మొదటి బస్సులో దిగేవారు. తెల్ల చీర, భుజాన గుడ్డ సంచి. తప్పినవాళ్ళందర్నీ కబురు పెట్టి పిలిపించి, బడి మొదలవడానికి గంట ముందు రమ్మన్నారు. ముందు ఒక నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. మొదటి రోజు ప్రార్థన అయ్యాక మా గైడొకటి అడిగి తీసుకుని, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టారు. “పోన్లే, దీనికీ ఒక పని దొరికింది” అన్నారు.

తర్వాత అడిగారు: “నేనిక్కడికి ఎలా వచ్చాను?”

“బస్సులోనండీ.”

“ఐ కేమ్ బై బస్.”

మమ్మల్ని తీసుకెళ్ళి కాలవ పక్కన కూర్చోబెట్టారు. వియ్ ఆర్ సిట్టింగ్ బై ద కెనాల్. నాలుగింటికల్లా బడి ఖాళీ అయిపోతుంది, బై ఫోర్. బట్టీ పట్టింది బై హార్ట్. పొరపాటున ఒకడు నా చెప్పులేసుకు పోతే అది బై మిస్టేక్. పక్కన, కల్లా, చేత, లో అని మనం రకరకాలుగా చెప్పుకునేదంతా ఆ ఒక్క బుల్లి మాట మోస్తుంటే మాకు తమాషాగా అనిపించింది. ఆవిడ ఒక్క రూలూ రాయించలేదు. రోజూ పొద్దున ఎవరింట్లోంచి వాళ్ళు ఒక ‘బై’ని పట్టుకురావాలి. తేనివాళ్ళు వెనక్కి వెళ్ళి వెతుక్కుని రావాలి. నేను రెండుసార్లు వెళ్ళాను.

మూడోసారి తెచ్చిన మాట చెప్పడానికి నాకు తల కొట్టేసినట్టయింది. గొణిగాను. మై మదర్ ప్లాంట్స్ ప్యాడీ బై హ్యాండ్.

“వినపడలేదు” అన్నారు.

మళ్ళీ చెప్పాను.

“కాలవ అవతలికి వినపడాలమ్మాయ్. నువ్వు తినే అన్నం గురించి చెబుతున్నావు.”

అరిచి చెప్పాను. అమ్మ చేతుల గురించి అంత గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

ఇదంతా విని నాన్న ఒకరోజు బడికే వచ్చేశాడు. “టీచరమ్మ గారూ, నెల్రోజుల్నించీ ఒకటే మాటంట గదండీ! ఇట్టాగైతే పుస్తకం ఎప్పుడవుద్దండీ?”

ఆవిడ నవ్వారు. “పుస్తకం అవకపోవచ్చండీ. భయం మాత్రం అయిపోతుంది.”

నాన్న గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన వెనక్కి చూసినప్పుడల్లా నేను తల దించేసుకున్నాను. పుస్తకం నిజంగానే సగం కూడా కాలేదు మరి!

సెప్టెంబరులో ఖాళీలు మళ్ళీ కొత్త వరసలో ఇచ్చారు. ఈసారి ప్రశ్న చదివాను. మీ ఊరి గురించి రాయమంటే కాలవనీ, మొదటి బస్సునీ, మా అమ్మ చేతుల్నీ రాశాను. ఎవరూ నేర్పని వాక్యాలు రాస్తుంటే పెన్ను ఆగలేదు. పదకొండుమందిలో ఒక్కడు తప్ప అందరం గట్టెక్కాం. ఆ ఒక్కడూ మార్చిలో పాసయ్యాడు. ఆవిడ వదిలితేగా!

ఫలితాలు వచ్చిన పొద్దున నాన్న టీ కొట్టులో పేపరు అడిగి తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్టాపు దగ్గర నిలబడ్డాడు. టీచరు గారు బస్సు దిగారో లేదో, పేపరు విప్పి రెండు చేతులా చాచాడు. “నంబరుందండీ. మా అమ్మాయి నంబరుందండీ.” నావైపు తిరిగి, “ఊడుపులూ లేవు, ఏం లేవు. జూన్‌లో అవనిగడ్డ కాలేజీకి పోదువుగాని” అన్నాడు.

టీచరు గారు వేలు పెట్టి వెతికి, నా నంబరు మీద గట్టిగా నొక్కి పట్టుకున్నారు. బస్సుకి అడ్డంగా ఉన్నామని డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆవిడ కదల్లేదు.

ఆ రోజు నేను ఇంటికి పోకుండా తొమ్మిదో తరగతి కిటికీ బయటే నిలబడిపోయాను. ఆవిడ బోర్డు మీద రాస్తున్నారు. చెయ్యంతా తెల్లటి సుద్ద పొడి. చూపుడు వేలి కొసన మాత్రం పేపరు సిరా నల్లగా అంటుకుని ఉంది.