అత్త పాటలో నా మాట

నోరు అదుపులో పెట్టుకొమ్మని పెద్దలు నాకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. పాటలు ఎక్కించేటప్పుడు మైకు ఎక్కడుందో చూసుకొమ్మని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ ఒక్క సంగతి తెలియక నేను చేసిన నిర్వాకం వల్ల, ఉదయగిరిలో ఒక ఇంటి గడప తొక్కాలంటే ఇప్పటికీ నా కాళ్లు వెనక్కి నడుస్తాయి. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. మా బంధువులంతా నవ్వుకోగా మిగిలిందే మీకు పెడుతున్నాను.

ఆత్మకూరు బస్టాండు దగ్గర నాకొక జిరాక్స్ షాపు ఉంది. దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీసివ్వడం నా పని. కంప్యూటర్ విషయంలో ఆత్మకూరు మొత్తానికి నేనే దిక్కని అప్పట్లో అందరూ అనేవారు. అందరూ అంటే, ముఖ్యంగా నేను. ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగగలిగినవాడికి ఆ మాత్రం గర్వం ఉండదా?

రమణమ్మత్త మా నాయనకు అక్క. ఆమెది ఉదయగిరి. చదువు లేదు గానీ నలుగు పాట, అప్పగింతల పాట, హారతి పాట, అన్నీ వాళ్లమ్మ నోటి నుంచి నేర్చుకుంది. ఉదయగిరి నుంచి సీతారామపురం దాకా ఎవరింట్లో పెళ్లయినా అత్త గొంతు విప్పితేనే పందిట్లో పెళ్లికళ వచ్చేది. ఆ గొంతుకే జబ్బు చేసింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ స్వరపేటిక తీసేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి పెదవులు కదులుతాయి, మాట బయటికి రాదు. ఇంట్లోవాళ్లు ఆ పెదవులు చూసే అర్థం చేసుకుంటారు.

ఆపరేషన్ అయిన ఏడాది, అంటే నాలుగైదేళ్ల కిందట, ఆమె కొడుకు పెంచలయ్య బావ ఒక గుడ్డసంచి నిండా క్యాసెట్లు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. మామయ్య బతికున్న రోజుల్లో అత్త పాడుతుంటే సరదాకి టేపు రికార్డరులో పట్టినవి. వాళ్ల టేపు రికార్డరు మూలపడి చాలా కాలమైంది. మా ఇంట్లో మాత్రం మా నాయన వాడినది ఇంకా తిరుగుతూ ఉంది.

"అమ్మ తన పాట తను వినాలంటా ఉండాది సుధాకరా. ఫోన్లో వచ్చేట్టు చేసియ్యి. నీకైతే తెలుసు గదా" అన్నాడు బావ.

నీకైతే తెలుసు గదా అనే మాట ఎంత ప్రమాదమైనదో చూడండి. ఆ మాట విన్నాక తెలియదని చెప్పే మగవాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఒక వైరు కొన్నాను. ఒక కొస టేపు రికార్డరులో, రెండో కొస ల్యాప్‌టాప్‌లో దూర్చాను. టేపు రికార్డరు స్పీకరు కూడా మోగుతూనే ఉంది. మంచిదే, వింటూ ఎక్కించుకోవచ్చు అనుకున్నాను. తెర మీద పచ్చని గీతలు లేచి పడుతున్నాయి. మొదట కాసేపు ఎక్కించి వింటే అత్త గొంతు చక్కగా వచ్చింది. ఇక పరీక్షించాల్సింది ఏముంది?

నేను దూర్చిన రంధ్రంలో ఆ రకం వైరు పెడితే ల్యాప్‌టాప్ దాన్ని ఇయర్‌ఫోన్ అనుకుంటుందని నాకు తెలియదు. వైరు అలంకారానికి వేలాడుతూ ఉంది. ల్యాప్‌టాప్ తన సొంత మైకుతో గదిలో వినిపించేదంతా పట్టుకుంటోంది. గోడలకు చెవులుంటాయంటారు. గోడలు విని ఊరుకుంటాయి, ఇది రాసిపెట్టుకుంటోంది. టేపులో పాట ఆగినప్పుడు నేను దగ్గినా గీతలు ఎగిరిపడేవి. అది చూసి నా దగ్గులో అంత సత్తువ ఉందా అని మురిసిపోయానే తప్ప అనుమానం రాలేదు.

అలా కొన్ని రోజులపాటు అత్త పాడుతూ పోయింది, నేను పక్కనే కూర్చుని నా సంసారం చేసుకుంటూ పోయాను. కూరలో ఉప్పు లేదని సుగుణను సాధించాను. సుగుణ అంటే నా భార్య. ఆమె నా పెంపకం గురించి ఒకటి రెండు మాటలంది. ఫోన్లో స్నేహితులతో కబుర్లు చెప్పాను. చివరి క్యాసెట్ కూడా అయిపోయాక, ఎక్కించినదాన్ని ఒక్కసారైనా మొత్తం విన్నానా? అన్నం వండినవాడు మెతుకు పట్టి చూస్తాడు. నేను పొయ్యి వెలిగిందా లేదా అని మాత్రమే చూసి వడ్డనకు లేచాను.

బావ వచ్చాడు. పాటలు నేనే స్వయంగా తెచ్చి అందరి ముందూ వినిపిస్తానని, అవి వేసిన పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంచుకున్నాను. మెప్పుకు సాక్షులుండాలి కదా. క్యాసెట్లు ఏం చేసేదని ఆయన అడిగాడు.

"గొంతంతా కంప్యూటర్లోకి వచ్చేసింది బావా. ఇంక అందులో ఏముంటాది, ఉత్త రిబ్బను. సజ్జచేనికి కట్టుకో, పిట్టలన్నా రావు" అన్నాను.

కుండలో నీళ్లు బిందెలోకి వంపితే కుండ ఖాళీ అయినట్టు చెప్పాను. ఆయన నమ్మాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. దానం పుచ్చుకున్నది అత్త కొడుకే కావడం మా వంశం ప్రత్యేకత.

ఆ పై వారం పెన్‌డ్రైవ్‌తో పాటు ఒక స్పీకరు బాక్సు కూడా పట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి వసారాలో చాపలు పరిచి ఉన్నాయి. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చారు. పందిళ్లలో అత్త పల్లవికి వంత పాడినవాళ్లు కూడా ఉన్నారు. అత్త కొత్త చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. నన్ను దగ్గరకు పిలిచి తల నిమిరింది. ఆ నిమరడం ఇప్పటికీ మాడు మీద మంట పెడుతుంది.

హారతి పాట పెట్టాను. కొంచెం దూరం నుంచి వచ్చినట్టున్నా, అత్త గొంతే. అత్త కళ్లు మూసుకుంది. పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి. మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకోగానే నా ఫోను మోగింది. అందరూ నా వైపు చూశారు. జేబు తడుముకున్నాను. మోగింది జేబులో కాదు, స్పీకర్లో.

ఆ తర్వాత అత్త గొంతు వెనక్కిపోయి, నా గొంతు శుభ్రంగా, స్పష్టంగా, పెళ్లిలో మైకు పట్టుకున్న పెద్దమనిషిలా వచ్చింది.

"ఏం లేదురా, మా అత్త పాటలు ఎక్కిస్తా ఉండాను. పిలవకపోయినా పోయి పందిట్లో కూర్చోని అరిచేది. దేవుడు ఇప్పటికి నోరు మూసినాడనుకుంటే, ఈ టేపులు తెచ్చి నా నెత్తిన పెట్టినారు. ఎవడు వింటాడ్రా ఇది?"

అవతలివాణ్ణి నవ్వించాలని అన్న మాట. వాడు నవ్వాడు కూడా. తర్వాత సుగుణ గొంతు వినిపించింది. "అట్ల అనబాకండి, పాపం. ఆమెకు ఇంక ఉండేది ఇదే గదా." మా ఇంటి పరువులో ఆ రోజు మిగిలింది ఆ ఒక్క వాక్యమే.

ఆపుదామని బటన్ నొక్కాను. కంగారులో శబ్దం పెంచే బటన్ నొక్కాను. చివరికి బావ లేచి స్పీకరు వైరు పీకేశాడు. అత్త కళ్లు తెరిచింది. పెదవులు మాత్రం ఆగిపోయాయి. చాపల మీది ఆడవాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో నేను చూడలేదు.

వైరు తప్పు పెట్టినట్టున్నానని, కంగారేమీ లేదని, టేపులు ఉన్నాయి కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేసుకొస్తానని గొణిగాను. బావ అరవలేదు, తిట్టలేదు. "టేపులు ఏడుండాయిరా? నువ్వే గదా చేనికి కట్టుకోమనింది" అన్నాడు.

ఇద్దరం చేనికి వెళ్లాం. కర్ర నుంచి కర్రకు లాగి కట్టిన రిబ్బను ఎండకు తళతళలాడుతోంది. కొండ గాలికి రుయ్యిమని మోగుతోంది. బావ చాలా శ్రద్ధగా కట్టాడు, చేను మొత్తం వచ్చేలా. పిట్ట ఒక్కటీ లేదు. ఆ ఒక్క విషయంలో నేను చెప్పిన మాట నిజమైంది. విప్పి, దుమ్ము తుడిచి, పెన్సిలుతో చుట్టి చూశాను. సాగిపోయిన రిబ్బను టేపు రికార్డరులో పడగానే సేమియాలా చుట్టుకుపోయి, నాయన టేపు రికార్డరునూ తనతో తీసుకుపోయింది.

మిగిలింది నా పెన్‌డ్రైవ్ ఒక్కటే. అందులోంచి నా గొంతు కోయాలని చేయని ప్రయత్నం లేదు. కోసిన ప్రతిచోటా అత్త గొంతు కూడా తెగేది. ఆమె పెదవులు చూసి మాటలైనా రాసుకుందామని వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. అత్త నన్ను కాసేపు చూసి పెదవులు బిగించుకుని గోడ వైపు తిరిగింది. బావ కూతురు శిరీష పాపం కాఫీ తెచ్చి ఇచ్చింది.

ఆ అమ్మాయే ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుపోయి, వినిపించినంత మేరకు పాటలు నేర్చుకుంది. పాట మాటలు అడిగితే అత్త ఆ పిల్లకు కూడా పెదవులు విప్పలేదట. కిందటేడు బావ కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. హారతి శిరీష చేతికిచ్చారు. మొదటి చరణం పాడుతుంటే అచ్చం అత్తే. ముసలాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రెండో చరణం దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. పళ్లెంలో కర్పూరం మండుతూనే ఉంది.

"ఆగినావేమ్మా?" అన్నారెవరో.

"ఆడ మామ గొంతుండాది. పాట నాకు వినపడలా" అంది శిరీష. ఎగతాళిగా కాదు, ఉన్నమాట చెప్పింది.

అందరూ నా వైపు తిరిగారు. బావ పళ్లెం వైపు చూస్తూ, "పాడరా మరి. ఆ చరణం నువ్వే గదా తీసుకున్నింది" అన్నాడు. వెనకనుంచి ఎవరో ముందు నవ్వారు, తర్వాత ఇల్లంతా నవ్వింది. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. కర్పూరం ఆరిపోయేదాకా అలాగే తెరిచి ఉంచాను. నవ్వనిది అత్త ఒక్కతే.

ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఆమె ఎవరితోనూ మాట్లాడలేని మనిషి కదా అని మీకు అనిపించవచ్చు. అందరి ముందూ పెదవులు కదుపుతుంది. నేను వస్తే మూసుకుంటుంది.

కనుక ఉభయ గ్రామాల బంధుమిత్రుల సమక్షంలో, స్థిరబుద్ధితో, పూర్తి స్పృహలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరి గొంతునూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చను. ఎవరి ఇంట్లో ఎవరు పాడుతున్నా, పాడినది వినిపిస్తున్నా, కడుపులో ఎంత గొప్ప హాస్యం పొంగుకొస్తున్నా, దాన్ని తీసుకుని వీధి చివరిదాకా వెళ్లి, అక్కడ కుక్కలకు చెప్పి, తిరిగి వచ్చి కూర్చుంటాను.