కళ్లంలో బూట్లు

మా ఊరి మిర్చి ఆసామి గోల్ఫ్ నేర్చుకున్నాడంటే ఎవరూ నమ్మరు. నేర్చుకోలేదనే నేనూ అంటాను. కొన్నాడు, అంతే. ఎనభైల్లో పత్తి, మిరప కలిసొచ్చినవాళ్లు కొందరు కారు కొన్నారు, కొందరు కలర్ టీవీ కొన్నారు. ఈయన మద్రాసులో ఏదో క్లబ్బులో దొరబాబులు ఆడుతుంటే చూసి, సంచీ నిండా కర్రలు కొనుక్కొచ్చాడు.

ప్రత్తిపాడు దగ్గర ఆ ఊళ్లో నేను చర్చివాళ్ల బడిలో డ్రిల్లు టీచర్ని. బడికి ఆటస్థలం లేదు. పక్కనున్న ఆయన బీడులోనే పిల్లలు ఏళ్ల తరబడి కబడ్డీ, ఖోఖో ఆడుకుంటున్నారు. ఆ ఏడు దాన్ని కూడా దున్నించి పత్తి వేస్తానన్నాడు. వద్దని బతిమాలడానికి నేను వెళ్లినప్పుడల్లా నన్ను నిలబెట్టి గోల్ఫ్ పాఠం చెప్పి పంపేవాడు.

బంతిని అంతంత దూరం కొట్టే ఆటకి మా చేలల్లో చోటెక్కడిది? అందుకని చివరి ముక్క మాత్రం పట్టుకున్నాడు. నున్నటి నేల మీద బంతిని దొర్లించి గుంటలో వేయడం. దానికి వాడే కర్ర పేరు పటర్. మిరపకాయలు ఎండబోసే కళ్లంలో, కాయలు లేని నెలల్లో గుంటలు తీయించాడు. పేడతో అలికి ఎండిన కళ్లం గచ్చులా ఉంటుంది. బంతిని ముట్టుకుంటే చాలు, జారుకుంటూ పోతుంది. రోజూ అక్కడే ఆడి, తనకు చెయ్యి తిరిగిపోయిందనుకున్నాడు. గుంట తప్పితే తప్పు కర్రది. అందుకే ఆయన దగ్గర పటర్లే అరడజను ఉండేవి.

"అంతా పటర్ ఎంచుకోవటంలోనే ఉందమ్మా," అనేవాడు. ఆయన ఎంచుకున్న పద్ధతి నేను చూశాను. అన్నిట్లోకీ బాగా మెరిసేది తీసుకున్నాడు.

ఒక ఆదివారం గుంటూరు నుంచి మిల్లుల వాళ్లనీ, ఒక డాక్టరుగారినీ పోటీకి పిలిచాడు. ఒకాయన రాలేదు. నేను ప్రార్థన ముగించుకుని చర్చిలోంచి వస్తుంటే మనిషిని పంపి కళ్లం దగ్గరికి పిలిపించి, ఆయనే అడిగాడు.

"టీచరమ్మగారూ, ఒకళ్లు తక్కువయ్యారండి. ఊరికే అలా నిలబడి నాలుగు దెబ్బలు కొట్టండి, చాలు."

"గెలిస్తే బీడు పిల్లలకి ఇచ్చేస్తారా?" అని అందరి ముందూ అడిగాను.

"గెలిస్తే రాసిచ్చేస్తానండీ!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. వచ్చినవాళ్లూ నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది.

నేను పొట్టిదాన్ని. పొడుగు కర్ర పట్టుకుంటే మోచేతులు పక్కలకి పొడుచుకొస్తున్నాయి. ఒక్కొక్కటే పట్టి చూసి, చివరికి అన్నిట్లోకీ పొట్టిది, తల కాస్త బరువైంది తీసుకున్నాను. దానితో వంగితే చేతులు భుజాల నుంచి తేలిగ్గా వేలాడాయి, బంతి సరిగ్గా నా కళ్ల కింద ఉంది.

"అది పారెయ్యాల్సిందమ్మా," అన్నాడు.

పెద్దవాళ్లు వస్తున్నారని ఆయన తెల్లవారకముందే కళ్లం దట్టంగా అలికించి, చుట్టూ ముగ్గులు కూడా పెట్టించాడు. మధ్యాహ్నానికి పైన ఆరింది గాని లోపల పచ్చిగానే ఉంది. పంట పోసే చోటు కాబట్టి మా వైపు కళ్లంలోకి ఎవరూ చెప్పులతో దిగరు. గుంటూరు వాళ్లు కూడా గట్టునే విడిచారు. ఈయన మాత్రం మద్రాసు బూట్లు వేసుకుని దిగాడు. వాటి అడుగున ఇనప మేకులు.

అడుగు పెట్టగానే అరికాళ్లకి చెమ్మ తగిలింది. మొదటి బంతి గుంటకి చాలా ఇవతలే ఆగింది. అప్పటి నుంచి కర్రని ఇంకాస్త వెనక్కి తీసి, అదే నిదానంతో ముందుకి ఊపాను. గట్టిగా కొట్టలేదు. ఆయన రోజూలాగే మెల్లగా తాకించాడు, బంతి సగం దారిలో చచ్చింది. కోపమొచ్చి బాదాడు. అది గుంట మీంచి ఎగిరి ముగ్గులో పడింది. పటర్ మార్చాడు. మళ్లీ మార్చాడు. మార్చినప్పుడల్లా ఏదో లెక్కగట్టేవాడిలా గుంట చుట్టూ తిరిగాడు. అడుగడుగుకీ బూట్ల మేకులు అలికిన పొరని పెళ్లగించాయి.

అయినా రోజూ ఆడే చెయ్యి కాబట్టి కొన్ని గుంటలు కొట్టాడు. మిగతావాళ్లు వెనకబడ్డారు, ఆఖరి గుంటకి ఆయనా నేనూ దెబ్బల లెక్కలో సమానంగా ఉన్నాం. ఆయన బంతి చక్కగా, తిన్నగా వచ్చింది. గుంటకి జానెడు ఇవతల, ఆయన బూటు మడమే చేసిన గుంతలో పడి కూర్చుంది. డాక్టరుగారు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, మర్యాద చూసుకోలేదు.

"ఈ పటర్ బరువు సరిగా లేదండీ," అన్నాడు ఆసామి.

నా బంతి ఆయన తొక్కని వైపు ఉంది. కర్రని వెనక్కి తీసి నిదానంగా ఊపాను. మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి గుంటలో పడింది.

సాక్షులున్నారు కాబట్టి మాట తప్పలేకపోయాడు. కొన్నాళ్లకి బీడులోనే షామియానా వేయించి, మైకు పెట్టించి, బీడు రాసిచ్చే కాగితాలు బల్ల మీద పెట్టించాడు. ఆ బూట్లతోనే వేదిక ఎక్కాడు.

"ఆడమనిషి, పిల్లల కోసం అడిగింది," అన్నాడు మైకులో, గొంతు వణికించి. "ఆమెని ఓడించడానికి నాకు మనసు రాలా. కావాలనే ఓడిపోయానండీ."

జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆయన మీద అప్పుడు కలిగినంత అసహ్యం నాకు మరే మనిషి మీదా కలగలేదు. మా హెడ్మాస్టరు నా చేతికి దండ ఇచ్చి, వెళ్లమని కళ్లతోనే చెప్పారు. ముందు వరసలో మా పిల్లలు కూర్చుని ఉన్నారు. బల్ల మీద కాగితాలకి సంతకం ఇంకా పడలేదు.

వెళ్లి ఆయన మెడలో దండ వేశాను. వేసి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆయన పెన్ను మూత పెట్టేదాకా ఆపలేదు.