మినిట్స్ పుస్తకానికి ఎక్కని మాట

మొన్న బుధవారం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా ఒక ఉత్తరం నా చేతిలో పెట్టింది. తను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూల్లో సాయంత్రం డ్యూటీల గురించి పెట్టుకున్న ఫిర్యాదు మీద శుక్రవారం సమావేశమట, లోపలికి ఫోన్లు తేకూడదట. "నా మాట నేను రికార్డు చేసుకుంటే తప్పేముందమ్మా? అలౌడ్ నహీ హై అంటారు, అంతే," అని విసుక్కుంది. చట్టం ఏమంటుందో నాకు తెలియదు. ఘాజియాబాద్‌లో మా బాల్కనీలోకి అప్పుడే శీతాకాలపు నీరెండ వచ్చి పడింది. ఆ ఎండలో కళ్ళు మూసుకున్నానో లేదో, ఇరవై రెండేళ్ళ పిల్లనై దక్షిణ ఢిల్లీలో ఒక బడి ఆఫీసు గదిలో టైపు మిషను ముందు కూర్చుని ఉన్నాను.

ఆ రోజుల్లో అక్కడ ఉద్యోగాలు చేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, బస్సులో ఒంటికాలి మీద నిలబడి వెళ్ళడం, మధ్యాహ్నం అందరం బడి లాన్‌లో ఎండకు వీపులు పెట్టి వేరుశనక్కాయలు ఒలుచుకోవడం, కార్బను కాగితం నీలం ఎంత కడిగినా వేళ్ళను వదలకపోవడం, ఇవన్నీ ఇప్పుడు తలుచుకుంటే కష్టాల్లా అనిపించవు. మా బళ్ళో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను, చిన్నపిల్లల్ని చూసుకునే మా ఆయమ్మ. ఆవిడది శ్రీకాకుళం వైపు. ఎవరో అధికారి ఇంట్లో పనికి వచ్చి, ఆయన బదిలీ అయి వెళ్ళినా తన కూతురితో ఢిల్లీలోనే ఉండిపోయింది. హిందీ అంతంతమాత్రం. నాది తెనాలి, నా హిందీ ఏమంత గొప్పది కాకపోయినా ఇంగ్లీషులో టైపు కొట్టగలను కనుక నన్ను నేను పెద్ద పండితురాలిననుకునేదాన్ని.

చిన్నపిల్లల్ని గేటు దాకా తీసుకెళ్ళడం, గదులు తుడవడం రెండూ తన ఒక్కదానివల్ల కావట్లేదని ఆయమ్మ ఫిర్యాదు చేసుకుంది. కాగితం మీద పెట్టింది నేనే. సమావేశం పెట్టారు. ఆవిడ గోడు వినడానికని పిలిచి, మా ప్రిన్సిపాల్ మేడమ్ ముందుగా వేరే సంగతి ఎత్తారు. ఆ ముందు వారం ఒక పాప రోడ్డు మీద ఒంటరిగా కనిపించిందట. ఆ పాపను నువ్వేం చేశావని అడిగారు. ఆయమ్మ తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాయాలి.

"గేటుకాడ ఒగ్గేసినానమ్మా," అంది.

మా వైపు ఆ మాట లేదు. ఒగ్గేయడమంటే గాలికి వదిలేసి పోవడమని ఎక్కడో విన్న గుర్తు. దానికి తగిన ఇంగ్లీషు మాట కోసం తల వంచుకుని వెతుక్కుంటున్నాను. ఆవిడ ఇంకేదో అంటోంది, పెదవులు కదులుతున్నాయి, మేడమ్ అప్పుడే తర్వాతి ప్రశ్నలోకి వెళ్ళిపోయారు. పాపను గేటు దగ్గర వదిలేసి వెళ్ళిపోయానని ఆయమ్మ ఒప్పుకున్నట్టు సమావేశం మినిట్స్ పుస్తకంలో రాశాను. చదివి వినిపించమని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఆవిడ వేలిముద్ర వేసింది.

నాలుగో రోజున ఆయమ్మను తీసేశారు.

టిఫిను డబ్బా, దుప్పటి తీసుకెళ్ళడానికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కోపం లేదు, అదే ఇంకా బాధ. "మా పిల్లని దినం బడికాడ ఒగ్గేసే గదమ్మా నాను పనికొత్తాను. ఆ పాపనీ అలాగే ఆల తాతగారి సేతికిచ్చి ఒగ్గేసినాను. ఆ తరవాత ఏటైందో నాకేటి తెలుసు? ఆ పొద్దే సెప్పినాను గదా, నువ్వు రాసుకోలేదా?" అంది. ఆవిడ భాషలో ఒగ్గేయడమంటే భద్రంగా దిగబెట్టడం కూడానని అప్పుడు తెలిసింది నాకు. పరుగున మేడమ్ దగ్గరికి వెళ్ళాను. మినిట్స్ మీద సంతకాలు అయిపోయాయి, ఆమె చెప్పిందనడానికి ఋజువేముంది అన్నారు. తిరిగి వచ్చేసరికి ఆయమ్మ వెళ్ళిపోయింది. ఫరీదాబాద్‌లో ఏదో ఫ్యాక్టరీలో చేరిందని తర్వాత ఎవరో అన్నారు. వెతుక్కుంటూ వెళ్ళి ఉండవలసింది. వెళ్ళలేదు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. రికార్డు చేసుకోనివ్వమని, కుదరదంటే మినిట్స్ చదివి వినిపించాకే సంతకం పెడతానని లిఖితపూర్వకంగా అడగమన్నాను. ఆ ఉత్తరం ఇద్దరం కలిసే రాశాం. తర్వాత తన ఫోను నా ముందు పెట్టి, ఆయమ్మ ఎలా అనేదో అను, వింటాను అంది. ఎర్ర బొత్తాం నొక్కింది.

అప్పట్లో అంత పెద్ద బళ్ళో ఒక పేదరాలి మాట దాచి ఉంచడానికి నా కలం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఫోను ఉంది, దాన్ని బయట పెట్టి రమ్మంటున్నారు. "గేటుకాడ ఒగ్గేసినానమ్మా," అన్నాను, వచ్చినంతలో ఆవిడ యాసలోనే. తర్వాత మాట కోసం చెవి పెట్టి ఆగాను. తాతగారి సేతికిచ్చి అని ఆ రోజు నిజంగా అన్నదా, నా చెవిన పడిందా? ఎంత ఆగినా వినిపించలేదు. మా అమ్మాయి ఫోను ఆపలేదు, రికార్డింగు సెకన్ల అంకెలు అలా తిరుగుతూనే ఉన్నాయి.