మధ్యాహ్నం చార్జింగ్

ఏడో నెల వచ్చాక డాక్టరమ్మ నన్ను ఎక్కువసేపు పడుకొమ్మంది. మా ఆయన పొద్దున్నే బస్సెక్కి తూప్రాన్‌లో డ్యూటీకి వెళ్లేవాడు. మెదక్‌లో మేము కిరాయికున్న ఇంట్లో పగలంతా నేనూ, పిన్ని వరసలో ఖాలా అని నేను పిలిచే ఇంటి ఓనరమ్మా, ఇద్దరమే. ఆమె ప్రాణమంతా టేక్మాల్‌లో ఉన్న చెల్లెలి మీద. రోజూ సాయంత్రం ఫోన్లో ఆ గొంతు వినాల్సిందే.

రాత్రిళ్లు ఆ ఫోన్‌ని చార్జింగ్‌ పెట్టి దిండు కిందే ఉంచుకునేది. ఒక పొద్దున కంగారుగా తెచ్చింది.

"బిడ్డా, జర చూడు, దీనికి జరమొచ్చినట్టున్నది."

ముట్టుకుంటే చురుక్కుమంది. వెనకవైపు ఉబ్బింది. వెంటనే ఆపేశాను. మా ఆయన దుకాణానికి తీసుకెళ్లి కొత్త బ్యాటరీ వేయించాడు.

"ఇగ దిండు కింద పెట్టకుండ్రి ఖాలా. చార్జింగ్ ఇరవైకి దిగకముందే పెట్టుండ్రి, ఎనభై కాంగనే తీసెయ్యుండ్రి" అన్నాను.

"నిండ నింపొద్దా?"

"రోజూ వద్దు. నిండుగ ఉన్నా, వేడి తగిలినా బ్యాటరీ జల్ది ముసల్దయితది."

"నా లెక్కనా?" అని పడీపడీ నవ్వింది.

ఆనాటి నుంచి మధ్యాహ్నం నమాజ్ కాగానే ఫోన్ కవరు ఊడదీసి, నీడపట్టున కిటికీ బండ మీద చార్జింగ్ పెట్టేది. వచ్చి నా చాప పక్కనే ఒరిగేది. పరదా నీడ గచ్చు మీద మెల్లగా ఊగేది. చర్చి గంట ఎక్కడో నీళ్లడుగున మోగినట్టుండేది. కడుపులో బిడ్డ ఇటు నుంచి అటు ఒత్తిగిలేది. ఖాలా కళ్లు మూసుకునే, చిన్నప్పుడు చెల్లెలితో చింతకాయలు కొట్టిన కథ చెప్పేది. ఆమె చెప్పిందెంతో, నేను కలగన్నదెంతో తెలిసేది కాదు. అజాన్ వినిపించి లేచేసరికి ఫోన్ ఎనభై దగ్గర్లో ఉండేది.

నొప్పులు మొదలైన రోజు పొద్దుటి నుంచీ వాన, కరెంటు లేదు. నా ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది. ఖాలా ఫోన్‌లో సగానికి పైనే ఉంది. దాంతోనే ఆటోని పిలిచింది, దవాఖానలో నా చేయి వదలకుండానే మా ఆయనకు చేసింది.

"పరేషాన్ కాకు బేటా, నేనున్న. నువ్వు నిమ్మళంగ రా."

ఆయన తడిసి ముద్దయి వచ్చేసరికి పాప పుట్టేసింది. ఖాలా ముందు తన కొంగుతో ఆయన తల తుడిచింది. తర్వాతే బిడ్డను చేతికిచ్చింది.