మల్లేశ్వరి మేడమ్ పేరు మీద

నాగమల్లేశ్వరి గారికి నలభై ఏడేళ్లు. పెడన దగ్గర ఒక ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతారు. ఆవిడ తండ్రి కలంకారీ షెడ్డులో గుడ్డ మీద అచ్చులు వేసేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆవిడే. గుండె బొమ్మ, మందారపువ్వు నిలువుకోత కళ్లు మూసుకుని వేయగలరు. ఫోన్ మాత్రం అప్‌డేట్ అడిగిందంటే భర్త చేతికి ఇచ్చేసేవారు.

అలాంటి మనిషి మీద పోయిన జూలైలో ఆన్‌లైన్ భద్రత పాఠాలు వచ్చి పడ్డాయి. శిక్షణకు వెళ్లాల్సిన లెక్కల టీచరు ప్రసూతి సెలవు పెట్టింది. హెడ్మాస్టరు కాంతారావు గారు స్టాఫ్ రూమంతా ఒకసారి చూసి, "మల్లేశ్వరి గారూ, మీ ఇల్లు బందర్లోనే కదండీ. ట్రైనింగూ అక్కడే. మీరు చూసుకోండి" అన్నారు. ఇల్లు బందర్లో ఉండటానికీ ఈ పాఠం చెప్పడానికీ సంబంధం ఏమిటో ఆవిడకు అర్థం కాలేదు. అయినా వెళ్లారు. రెండు రోజులూ తెర మీద చూపించినదంతా నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారు.

తొమ్మిది, పది తరగతులకు కలిపి శనివారం ఆఖరి పీరియడ్ ఇచ్చారు. పాస్‌వర్డ్ ఎవరికీ, టీచరుకు కూడా చెప్పకూడదని మొదటి వారం చదివి వినిపిస్తుంటే వెనక బెంచీల్లో నవ్వారు. పిల్లలకు తనకంటే ఎక్కువే తెలుసు. తెలిసినవాళ్లకు ఇంకా ఏం చెప్పాలో ఆవిడకు తోచలేదు. రెండో వారం దొంగ అకౌంట్ల గురించి చెప్పారు. మన పేరు, మన ఫొటో పెట్టుకుని ఎవరైనా మనలాగే మాట్లాడవచ్చు, అనుమానం వస్తే ఆ మనిషికి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి అడగండి అన్నారు.

తొమ్మిదో తరగతి లక్ష్మీదుర్గ లేచి, "మేడమ్, మీకు ఇన్‌స్టా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"అయితే మీ పేరు ఖాళీగా ఉందన్నమాట" అని ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

దసరా సెలవులు అయ్యాక ఒక శుక్రవారం కాంతారావు గారు ఆవిడను తన గదికి పిలిచారు. "చాలా బాగా రాస్తున్నారండీ. మా మనవరాలు చూపించింది" అంటూ ఫోన్ చేతికిచ్చారు.

ఇన్‌స్టాలో 'మల్లేశ్వరి మేడమ్' అని ఉంది. టీచర్స్ డే నాడు ఆకుపచ్చ చీరలో తీసిన తన ఫొటో ఉంది. ఫాలో అయ్యేవాళ్లు నలభై ఒక్కమంది. శనివారం చెప్పిన ప్రతి పాఠమూ నాలుగైదు మాటల్లో రాసి ఉంది. 'ఓటీపీ మన ఇంటి తాళంచెవి లాంటిది. అడిగినవాడు ఎంత మంచిగా మాట్లాడినా ఇవ్వకండి.' ఆ మాట తాను అన్నట్టే ఉంది, అనలేదేమో కూడా. అన్నా ఇంత బాగా అని ఉండరు.

అది తనది కాదని అప్పుడే చెప్పాల్సింది. నోట్లోంచి "ఆఁ" అని మాత్రమే వచ్చింది. కాంతారావు గారు అవునని అర్థం చేసుకున్నారు.

బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. ఎవరిమీద ఫిర్యాదు చేయాలి, ఏమని చేయాలి? తన పేరు దొంగిలించారు. దొంగిలించి తన పాఠమే తనకంటే బాగా చెప్పారు. నోటుపుస్తకం తిరగేస్తే అలాంటిదానికి ఏం చేయాలో ఎక్కడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ లక్ష్మీదుర్గ ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మేడమ్, మీ పేరు మీద ఉన్న అకౌంట్ నేనే తెరిచాను. ఎవరైనా తీసేసుకుంటారేమోనని ముందే తీసి పెట్టాను. మీకు ఇచ్చేద్దామనే అనుకున్నాను."

"మరి ఇవ్వలేదేం?"

"ఈలోపు మెసేజ్‌లు రావడం మొదలైంది మేడమ్. మీరనుకుని."

పదకొండు మంది ఆడపిల్లలు రాశారట. ఫోన్ పోతే ఏం చేయాలని ఒకరు, ఎవరో పదేపదే కాల్ చేస్తున్నారని ఒకరు. లక్ష్మీదుర్గ శనివారం పాఠంలోంచి తీసి జవాబులు రాసింది. నాలుగు రోజుల కిందట పదో తరగతి బిందు రాసినదానికి మాత్రం ఏం రాయాలో తెలియక, భయపడి వచ్చింది.

బిందుకు ఆన్‌లైన్ ఆటలో ఒకతను పరిచయమయ్యాడు. గుడివాడలో డిగ్రీ చదువుతున్నానన్నాడు. ఆ పిల్ల తన ఫొటో, ఊరి పేరు, అన్నయ్య నెంబరు ఇచ్చింది. ఇప్పుడు సోమవారం పామర్రు బస్టాండుకు రమ్మంటున్నాడు. రాకపోతే ఫొటోను అసభ్యంగా మార్చి అన్నయ్యకూ, ఊరందరికీ పంపిస్తానంటున్నాడు.

బిందు ఆ రోజు బడికి రాలేదు. ఆమెతో మాట్లాడాలంటే ఆ అకౌంటే దారి. మల్లేశ్వరి గారు తన ఫోన్ తీసి, "పాస్‌వర్డ్ చెప్పు" అన్నారు.

లక్ష్మీదుర్గ నసిగింది. "టీచరుకు కూడా చెప్పకూడదన్నారు కదా మేడమ్."

ఫోన్ ఆ పిల్లకే ఇచ్చారు. లక్ష్మీదుర్గ అటు తిరిగి ఇన్‌స్టా తెరిచి పాస్‌వర్డ్ కొట్టి, మళ్లీ చేతికిచ్చింది.

'బిందూ, నేను మల్లేశ్వరి మేడమ్‌ని. ఎక్కడికీ వెళ్లకు' అని రాశారు. కాసేపటికి జవాబు వచ్చింది.

'నిజంగా మీరేనా? మొన్న నా రికార్డులో ఏ బొమ్మ కొట్టేశారో చెప్పండి.'

'నెఫ్రాన్. భాగాల పేర్లు కుడివైపు రాయమంటే ఎడమవైపు రాశావు.'

'మీరే మేడమ్. ఇన్ని రోజులు ఎందుకు మాట్లాడలేదు?'

మల్లేశ్వరి గారి వేలు తెర మీదే ఆగిపోయింది. నిన్నటిదాకా అది తాను కాదు. ఇప్పుడు తాను. ఆ సంగతి ఇప్పుడు చెబితే పిల్ల బెదిరి అసలు మాట్లాడటమే మానేస్తుందేమో. 'మెసేజ్‌లేవీ చెరపకు. అతనికి జవాబు ఇవ్వకు. నేను మీ ఇంటికి వస్తున్నాను' అని మాత్రం రాశారు.

బిందు తల్లి అన్నపూర్ణ అద్దకం షెడ్డు నుంచి అప్పుడే వచ్చింది. చేతులకు రంగులు ఇంకా ఉన్నాయి. సంగతి విని ముందు ఫోన్ లాక్కోబోయింది. "ఈ ఫోనే కదా మేడమ్ గారూ ఇంత పని చేసింది. నీళ్లల్లో పడేస్తాను."

"పడేస్తే పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదండీ. బిందును తిట్టకండి. సాయం అడిగింది, అదే చాలు."

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సాయంత్రం ముగ్గురూ బందరు పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. సోమవారం పామర్రుకు ఎవరూ వెళ్లలేదు. రెండు వారాల తర్వాత కబురు వచ్చింది. అతను గుడివాడవాడు కాదు, చదువుకునేవాడూ కాదు, వేరే రాష్ట్రంలో ఎక్కడో ఉన్నాడు. కేసు నడుస్తోంది. బెదిరింపులు ఆగిపోయాయి.

ఆ తర్వాత బిందును ల్యాబ్‌లో కూర్చోబెట్టి నిజం చెప్పారు. అకౌంట్ తనది కాదని, ఇంకొక పిల్ల తెరిచిందని.

"అక్కడ రాసినవి చూసే మీకు చెప్పాలనిపించింది మేడమ్. అవి మీరు రాయలేదా?"

"లేదమ్మా."

"మరి నేను చెప్పుకుంది ఎవరికి?"

పేరు చెప్పనని ఆవిడ అన్నారు. బిందు పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయింది. నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

కాంతారావు గారికి కూడా నిజం చెప్పి, పిల్ల పేరు అడగవద్దని బతిమాలుకున్నారు. శనివారం క్లాసులో ఆ అకౌంట్ తనది కాదని, దాన్ని తీసేయించానని, పిల్లలు రాసినవేవీ బయటికి రావని చెప్పారు. సగం మంది తలలు వంచుకున్నారు. గంట కొట్టాక లక్ష్మీదుర్గ ఆగింది.

"నేను చేసింది తప్పా మేడమ్?"

"తప్పే."

"నేను చేయకపోతే బిందక్క ఎవరికీ చెప్పేది కాదు కదా?"

"చెప్పేది కాదు."

"మరి?"

"నాకూ తెలియడం లేదమ్మా" అన్నారు మల్లేశ్వరి గారు. పిల్లకు అలా చెప్పవచ్చో లేదో కూడా ఆవిడకు తెలియలేదు.

అప్పటి నుంచి శనివారం బడి వదిలాక అరగంట ల్యాబ్‌లో కూర్చుంటున్నారు, ఎవరైనా వచ్చి అడగవచ్చని. ఆ ఊరి పిల్లలు తన మొహం చూసి చెప్పలేనిది తన ఫొటోకు ఎలా చెప్పగలిగారో ఇప్పటికీ అంతుపట్టదు. మొదటి రెండు వారాలు ఎవరూ రాలేదు. తర్వాత ఒకరిద్దరు వచ్చారు, పరీక్షలో వచ్చే ప్రశ్నలు అడగడానికి.

ఫిబ్రవరిలో ఒక శనివారం బిందు వచ్చింది. అన్నయ్య ఫోన్లో ఏదో సెట్టింగ్ మార్చాలట. మల్లేశ్వరి గారు అద్దాలు పెట్టుకుని అటూ ఇటూ చూసి, చేతకాక, వరండాలో వెళ్తున్న లక్ష్మీదుర్గను పిలిచారు. ఆ పిల్ల నిలబడే చకచకా మార్చడం మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎందుకో చిన్న చిన్న మాటల్లో చెబుతూ పోయింది. బిందు తల ఎత్తి కాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఆ మాటల తీరును గుర్తుపట్టిందో లేదో మల్లేశ్వరి గారికి తెలియలేదు, అడగనూ లేదు. బిందు మాత్రం బల్ల మీద కొంచెం పక్కకు జరిగి, కూర్చోమని చోటిచ్చింది.