సున్నా దగ్గర ముల్లు

మా గ్లైడర్‌లో ముళ్ల మీటర్లు ఉంచాలా, పీకెయ్యాలా అని ఒక చలికాలమంతా మా సార్‌తో పోట్లాడాను. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం. తాడు కట్టి లాగి పైకి వదిలితే ఆ తర్వాత అంతా గాలి దయ. సంగం అవతల మెట్టనేలలో మా చిన్న క్లబ్బు ఉండేది. ఉన్నది ఒకే గ్లైడర్, రెండు సీట్లది. దానికి ఏమైనా అయితే క్లబ్బు లేనట్టే. వారమంతా కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి, ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

"ఒక్క స్క్రీన్‌లోనే అన్నీ వస్తున్నాయి సార్. ఎత్తు, వేగం, మ్యాపు, ఎంత దూరం పోగలమో కూడా. ఇంకా ఈ గోడగడియారాలు ఎందుకు?" అనేదాన్ని.

సార్ రిటైరైన పైలట్, నాకు ఎగరడం నేర్పినాయన. పేచీ పెట్టడంలోనూ నాకు ఆయనే గురువు. "నీ స్క్రీన్ ఆరిపోతే ఉత్త పలక. నా ముల్లు గాలితోనే నడుస్తాదమ్మా," అనేవారు. చివరికి రెండూ ఉంచాం. ఎవరూ గెలవలేదు గనక ఇద్దరం మూతి ముడుచుకున్నాం.

ఆ మే నెల మధ్యాహ్నం నేను ముందు, సార్ వెనక. పైకి లేపే వేడిగాలి దొరికి బాగా ఎత్తుకు వెళ్లాం. ఆ ఉత్సాహంలో తూర్పుకి, అల్లూరు వైపు తిప్పాను. మా ఊరు ఆ పక్కే. ఒక్కసారి పైనుంచి చూడాలని ముచ్చట. దారిలో ఎండకి కాగిపోయి స్క్రీన్ నల్లబడింది. సార్ వెనక చిన్నగా దగ్గారు. ఆ దగ్గుకే నాకు ఒళ్లు మండింది.

అంతలో సముద్రపు గాలి తిరిగింది. ఇంట్లో ఉంటే ఆ చల్లదనానికి ప్రాణం లేచి వస్తుంది. గ్లైడర్‌కి మాత్రం అది వస్తే లేపే వేడిగాలి పోయినట్టే. ముళ్లలో ఒకటి, మనం ఎక్కుతున్నామా దిగుతున్నామా చెబుతుంది. సున్నాకి పైన ఉంటే ఎక్కుతున్నట్టు, కింద ఉంటే దిగుతున్నట్టు. అది సున్నాకి కిందికి జారి అక్కడే ఉండిపోయింది. వెనక్కి తిప్పాను, సంగం చేరే ఎత్తు లేదు. ఎటు తిప్పినా అంతే. పైకి పోకపోతే పోయావు, కనీసం సున్నా దగ్గరికి రావే తల్లీ అని బతిమాలాను. సార్ మాటే నిజమైంది, ముల్లు చక్కగా పనిచేస్తోంది. మేము పడిపోతున్నామని ఎంతో కచ్చితంగా చెబుతోంది. నాకు ఏడుపు వచ్చింది.

"ముల్లు చూసింది చాలు. నేల చూడమ్మా," అన్నారు సార్.

నేల ఎక్కడుంది? నా చిన్నప్పుడు వేసవిలో ఎటు చూసినా కోతలైపోయిన వరిమళ్లు. ఇప్పుడన్నీ రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లకి గాలి కలుపుతూ తిరిగే ఏరేటర్లు, కరెంటు తీగలు. ఒక్క గుంట మాత్రం ఎండబెట్టి ఉంది, బీటలు వారి, చదునుగా. అందులోనే దించాను. పైన పెచ్చు గట్టిదే, కింద అంతా బురద. చక్రం కూరుకుపోయి గ్లైడర్ గిర్రున తిరిగింది. రెక్క గట్టుకి కొట్టుకుని విరిగింది.

మాకు దెబ్బలేమీ తగల్లేదు, బురదలోకి దిగాం. గుంట యజమాని పరిగెత్తుకొచ్చాడు.

"ఇంజిన్ ఆగిపోయినాదా మేడం?"

"దీనికి ఇంజిన్ ఉండదన్నా."

ఆయన లోపలికి తొంగి చూశాడు. "మరి ఇన్ని మీటర్లు దేనికి?"

"పడిపోతా ఉంటే చెప్తాయి," అన్నారు సార్.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మా ఆక్సిజన్ మీటరూ అంతే సార్. పోయిన పంటకి కరెంటు పోయినాది, జనరేటరు మొరాయించినాది. నీళ్లలో గాలి తగ్గిపోతా ఉందని అది చెప్తానే ఉన్నింది. రొయ్యలు పైకి తేలతా ఉంటే గట్టు మీద నిలబడి చూసినాం. అందుకే ఈ గుంట ఎండబెట్టినాం."

ఆయన మంచినీళ్లు తెస్తానని వెళ్లాడు.

సార్ వంగి, అలవాటు కొద్దీ మీటరు అద్దం మీద వేలితో తట్టారు. నేనూ చూశాను. రెక్క విరిగింది, క్లబ్బు పోయింది, ఇద్దరం మోకాలి లోతు బురదలో ఉన్నాం. పైన అంతసేపు బతిమాలితే రాని ముల్లు, ఇప్పుడు సరిగ్గా సున్నా మీదికి వచ్చి నిలబడి ఉంది.